సబీనాను పైకి తీసిన రోజు

ఆ ఆదివారం పూజ ముగిసి జనం చర్చి బయటికి వచ్చేసరికి సబీనా సమాధి మోకాలి లోతున కుంగిపోయి ఉంది.

ఆమె మొగుడు, ముసలి ఫెలిమ్ డెవెనీ, ముందు నమ్మలేదు. ప్రతి వారం లాగే భార్యతో నాలుగు మాటలు చెప్పుకుందామని టోపీ చేతపట్టుకుని వచ్చాడు. రాతి సిలువ పక్కకు ఒరిగింది. గడ్డి చీలి లోపలి మట్టి బయటపడింది. వానకు కుంగి ఉంటుందని ఎవరో అన్నారు. వాన పడి మూడు వారాలైంది! ఫెలిమ్ మోకాళ్ల మీద కూలబడి నేలకు చెవి ఆనించాడు. నలభై ఏళ్లు పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో బతికిన చెవి అది. ఆదివారం, లోపల నరమానవుడు లేడు. అయినా ఎక్కడో అడుగున కప్పుకు ఆనించిన దుంగలు పటపటమంటున్నాయి. కాసేపు ఆగి మళ్లీ మొదలుపెడుతున్నాయి.

"మన పిల్లర్లు గొడుతున్నరు," అన్నాడు.

గనిలో కప్పు కూలకుండా బొగ్గునే స్తంభాలుగా వదిలేస్తారు, అవే పిల్లర్లంటే. ఇప్పుడు కంపెనీ ఆ బొగ్గునూ తవ్వించుకుంటోంది. ఈ చర్చి కింద వాటిని వదిలింది ఫెలిమ్ తరం వాళ్లే. ఆకలికి తాళలేక ఐర్లండు విడిచి, తోడొచ్చిన వాళ్లలో సగంమందిని సముద్రానికి అప్పగించి వచ్చిన జనం. ఈ దేశంలో మాదీ అనుకున్న నేల వాళ్లకు ఇదొక్కటే. "పైన మీ వాళ్లను పడుకోబెట్టుకోండి, కింద మేం ముట్టుకోం" అని అప్పటి గని దొర చేతిలో చెయ్యేసి మరీ చెప్పాడు. దొర చేతిని నమ్మారు పిచ్చోళ్లు! కాగితం ఎవరూ చదవలేదు, చదవడం ఎవరికీ రాదు. కాగితంలో గడ్డి వరకే రాసుకున్నారని ఇరవై ఏళ్ల తర్వాత గాని తెలియలేదు.

ఫెలిమ్ లేచి మనవడి వైపు చూశాడు. డెర్మట్ ఇరవై రెండేళ్ల కండగల మనిషి. తల పైకెత్తలేకపోయాడు.

"ఎన్ని దినాలాయెరా?"

"పది దినాలు, తాతా. నోరిప్పితే ఇల్లు ఖాళీ జేయిస్తమన్నరు."

"మీ నాయినమ్మ కింద తవ్వినవా?"

"తవ్విన."

"మీ నాయిన కింద?"

డెర్మట్ అటు చూడకుండా మొహం తిప్పుకున్నాడు. అతని తండ్రి మార్టిన్ సమాధి అక్కడికి రెండు బారల దూరం. నాలుగేళ్ల కిందట ఆ గని కప్పు కిందే నలిగిపోయాడు.

కోడలు విన్నీ మధ్యకు వచ్చింది. "వాణ్ణి గాదు మామా, నన్ను దిట్టు. నేనే పొమ్మన్న. వాడు దిగకుంటే కంపెనీ ఇల్లు పోతది. ముంగట చలికాలమాయె, చిన్నపోరలను దీస్కొని ఏ చెట్టు కింద వడాలె?"

ఫెలిమ్‌కు తిట్టాలనిపించలేదు. మనవణ్ణి ఒక్కటే అడిగాడు. "కింద ఎలుకలున్నయా?"

"మొన్నటిసంది ఒక్కటి గూడ కనవడతలేదు."

ఎలుకలు వెళ్లిపోయాక కప్పు ఎక్కువ రోజులు ఆగదని గనిలో పుట్టి పెరిగిన వాళ్లందరికీ తెలుసు. కొడుకును తిన్న గని మనవడి కోసం నోరు తెరిచింది. డెర్మట్‌తో పాటు ఇంకో ముప్పై మంది సోమవారం పొద్దున ఏడింటికి ఆ నోట్లోకే దిగాలి.

ముగ్గురు పెద్దమనుషులు గని సూపరింటెండెంట్ హార్విక్ ఇంటికి వెళ్లారు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి సమాధుల మధ్యే నిలబడి అతని జవాబు చెప్పారు. "గడ్డి మీది, గడ్డి కింద కంపెనీది అన్నడు. రేపు ఏడింటికి దిగనోడు పొద్దుగూకేలోపల ఇల్లిడవాలెనంట."

జనం గోల గోలగా అరిచారు. పనిముట్లు పారేద్దామని ఒకడు, పిల్లలేం తింటారని ఇంకొకడు.

"మనం దిగకుంటే పోలండోళ్లు దిగుతరు," అన్నాడు లాఫీ. వాదనకు దిగితే ఊరంతా ఒకవైపు, తానొక్కడూ ఒకవైపు ఉండే మనిషి.

"వాళ్ల నెత్తిమీద కప్పు గూలదా?" అని ఎవరో అడిగారు.

"గూలనీ! సావనీ!"

"నోరు మూస్కో లాఫీ!" విన్నీ గొంతు చీల్చుకుని వచ్చింది. "వాళ్లను మాత్రం తల్లులు గనలేదా? పీనుగు ఇంటికొస్తే ఎట్లుంటదో నన్నడుగు, జెప్త!"

ఆ మాటకు ఫెలిమ్ తల ఎత్తాడు. "మా మార్టిన్ సచ్చిన్నాడు గనిల ఎంతమంది దిగిండ్రు?"

"ఒక్కడు గూడ దిగలె," అన్నారు చాలామంది. "పీనుగు నేల మీదుండంగ ఎవడు దిగుతడు?"

ఎవరూ రాయని చట్టం అది. ఐరిష్ వాడూ, వేల్స్ వాడూ, పోలండు వాడూ దాన్ని దాటి ఎరగరు.

"అట్లనా? అయితే రేపు పొద్దుగాల గని మొగదల పీనుగుంటది."

"ఎవల్ది?"

"నా పెండ్లాంది."

ఆడవాళ్లు సిలువ గుర్తు వేసుకున్నారు. కంపెనీ దయతో చర్చికి కొత్త పైకప్పు వేయించిన ఫాదర్ గిల్‌రాయ్ ముఖం ఎర్రబడింది. "ఫెలిమ్! అది ప్రతిష్ఠ చేసిన నేల. దాన్ని తవ్వినవాడికి అందులో చోటు ఇవ్వను. కడపటి ప్రార్థన కూడా చెప్పను. ఆలోచించుకో."

సబీనా పక్కన ఆరడుగులు పద్దెనిమిదేళ్లుగా ఫెలిమ్ కోసమే ఖాళీగా ఉన్నాయి. నరకం ఉందని ఆయన నమ్మకం. మాటవరసకు కాదండీ, నిజంగా భయపడేవాడు. ఆ ఖాళీ జాగాను కళ్లతో కొలిచాడు.

"దాని పక్కన నా జాగ పోతే పోనీ, అందుల మా డెర్మట్‌ను పండవెట్టే దినం మాత్రం రావొద్దు ఫాదర్," అన్నాడు చివరికి. "అంతే అడుగుత."

సోమవారం తెల్లవారకముందే ఫెలిమ్, డెర్మట్, విన్నీ ముగ్గురే తవ్వారు. మిగతావాళ్లు గోడ అవతల నిలబడి చూశారు. శవపెట్టె చివికి మెత్తబడిపోయింది. దుప్పట్లో చుట్టి ఎత్తుతుంటే డెర్మట్ పార గుంత అడుగున మట్టిని చీల్చి కిందికి దూసుకుపోయింది. ఆ బెజ్జంలోంచి గని చలిగాలి ముఖానికి కొట్టింది. డెర్మట్ అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "లే నాయినా," అంది తల్లి. ఆమె ఇంటి తలుపు ఊడదీసి తెచ్చింది. "ఎట్లయినా ఖాళీ జెయ్యమన్నరు గద, ఇగ తలుపెందుకు?" ఆ తలుపు మీదే సబీనాను మోసుకెళ్లారు.

గని మొగదల రెండు వందల మంది పనికి వచ్చి ఉన్నారు. తలుపు కిందికి దించగానే ఒక్కొక్క టోపీ తలల మీంచి దిగింది. పోలండు వాళ్లు మోకాళ్ల మీద కూర్చున్నారు. ఏడింటికి పని కూత వేశారు. ఎవరూ కదల్లేదు. మళ్లీ వేశారు.

హార్విక్ కంపెనీ పోలీసులను వెంటేసుకుని పరుగున వచ్చాడు. తుపాకులు ఇరవై దాకా ఉన్నాయి. "ఏం నాటకమిది? తక్షణం దీన్ని పూడ్చిపెట్టండి!"

"పూడుస్తం దొరా," అన్నాడు ఫెలిమ్. "ఏడ పూడ్వాలె?"

"ఎక్కడ తీశావో అక్కడే!"

"ఆ గుంతకు అడుగు లేదు. నువ్వు కొట్టిచ్చినవ్, మా పోరడు కొట్టిండు. కింద నేలున్న నేల జూపియ్యి, ఇప్పుడే పూడుస్తం."

హార్విక్ ఊరి వైపు చూశాడు. ఈ ఊళ్లో అతను చూపించగలిగిన నేల జానెడైనా లేదు, కిందంతా కంపెనీయే తవ్వుకుంది. "చూపియ్యి," అన్నాడు ఒక పోలండు పనివాడు తన వచ్చీరాని మాటల్లో. "చూపియ్యి," అన్నాడు పక్కవాడు. తర్వాత రెండు వందల గొంతులూ అదే మాట అందుకున్నాయి.

తుపాకీ మడమ ఫెలిమ్ దవడ మీద పడింది. నెత్తురు ఉమ్ముతున్న ముసలాయన చేతులకు సంకెళ్లు వేసి బండి మీదికి తోశారు. పిడికిళ్లు బిగించి ఉరికిన డెర్మట్‌ను ఆయనే ఆపాడు. "నువ్వెటూ పోకు! మీ నాయినమ్మను ఒంటరిగ ఇడవకు!"

డెర్మట్ వెనక్కి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు. అతన్ని దాటుకుని ఎవరూ గనిలోకి పోలేదు. సైన్యం కోసం కంపెనీ అప్పటికే తంతి పంపింది.

బండి చర్చి మలుపు దగ్గర ఆగాల్సి వచ్చింది. దారికి అడ్డంగా లాఫీ నడిచొస్తున్నాడు. మూడేళ్లకే పోయిన కూతురి పెట్టె భుజాన ఉంది, చేతులకు మట్టి ఉంది. అతని వెనక మరో పెట్టె, దాని వెనక మరొకటి, రోడ్డు పొడవునా జనం.

"ఎక్కడికిరా?" అని గద్దించాడు పోలీసు.

"దొర నేల జూపిస్తడేమో అడగనీకి," అన్నాడు లాఫీ. ఆగకుండా నడిచాడు.