బల్ల మీద మూడు గోళ్లు

క్రీస్తుదాసు గారికి తెలియని సంగతి లోకంలో లేదు. ఆయన తెలుసుకున్న సంగతి కూడా పెద్దగా లేదు. కెనడాలోని స్కార్‌బరోలో కొరియా వాళ్ల చర్చిని మధ్యాహ్నాలు అద్దెకు తీసుకున్న తెలుగు ఫెలోషిప్‌కు ఆయనే పెద్ద. ఆ బుధవారం దయావతి ఇంట్లో ప్రార్థన కూడిక. ఆమెన్ అంటూనే ఆయన కళ్లు షెల్ఫు మీది జాడీకి అతుక్కున్నాయి.

తెల్లటి పింగాణీ జాడీ, దాని చుట్టూ నీలిరంగు డ్రాగన్. దయావతిది ఇళ్లకెళ్లి రోగులను చూసుకునే ఉద్యోగం. తుంటి ఆపరేషనైన యూన్ అనే కొరియా ముసలావిడకు ఆరు నెలలు స్నానం చేయించింది, డ్యూటీ అయ్యాక కూడా పక్కన కూర్చుంది. లేచి తిరగగానే యూన్ స్వయంగా చేసి ఇచ్చిన జాడీ అది. ఇన్నేళ్ల కెనడాలో తన కోసమని ఒకరు చేసిన వస్తువు దయావతికి అదొక్కటే.

"ఘటసర్పం, సిస్టర్! ప్రకటన గ్రంథం పన్నెండో అధ్యాయం. ఇంట్లో సాతానును కూర్చోబెట్టి స్తోత్రమా? పగలగొట్టెయ్యండి."

"వాళ్లకిది వానలు తెచ్చేదంట బ్రదర్. కాలికి అయిదు గోళ్లుంటే రాజుగారిది. దీనికి మూడే, మనలాంటోళ్లది."

"సాతాను గోళ్లు లెక్కపెడతారేంటండీ? అది పగిలేదాకా మీకు ప్రభువు బల్ల లేదు, రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు."

దయావతికి ఒళ్లు మండిపోయింది. బాప్తిస్మం తీసుకున్న పన్నెండో ఏటి నుంచి ఆమె బల్ల తప్పింది లేదు. అయినా జాడీ పగలగొట్టలేదు.

బల్లకు పనికిరాని చేతులు ఆదివారం చర్చి వంటగదిలో గిన్నెలు కడగడానికి మాత్రం పనికొచ్చాయి. ఎప్పటిలాగే ద్రాక్షరసం కూజా కూడా ఆమెనే నింపమన్నారు. కూజా కొరియా వాళ్ల అలమరలోది, అదీ యూన్ చేసిందే. దాని మీది తెల్ల లేసు తొడుగు అల్లింది దయావతి, రెండేళ్లుగా విప్పి కడిగేదీ దయావతే. ఎత్తి ఆశీర్వదించే పెద్దమనిషి ఏనాడూ కడిగిన పాపాన పోలేదు.

ఈసారి ఆమె తొడుగు తీసేసి కూజాను బల్ల మీద పెట్టింది.

క్రీస్తుదాసు గారు అలవాటుగా కళ్లు మూసుకునే కూజా ఎత్తారు, తీరిగ్గా ప్రార్థించారు, కళ్లు తెరిచారు. ముక్కుకు జానెడు దూరంలో, వాలుగ చేప మీసాలతో ఒక డ్రాగన్ ఆయన్నే చూస్తోంది.

"తొడుగేదమ్మా?"

"ఉతకడానికి తీశానండి. రెండేళ్లుగా మనం దీంట్లోదే తాగుతున్నాం. ఇది కూడా పగలగొట్టమంటారా బ్రదర్?" అంది దయావతి వంటగది గుమ్మంలోంచి.

జనమంతా చూస్తున్నారు. కూజా చూస్తే అద్దెకిచ్చిన వాళ్లది. క్రీస్తుదాసు గారు దాన్ని మెల్లగా తిప్పి, వేలితో ఒక కాలు తడిమారు, ఇంకో కాలు తడిమారు.

"మూడే," అన్నారు గొంతు తగ్గించి.

దయావతి తడిచేతులు తుడుచుకుని వెళ్లి, బల్ల ముందు అందరికన్నా ముందు నిలబడింది.