తిరుగుదారి నాది

మోకాళ్ళు మొరాయించాక నా సాయంత్రపు నడక మా చెల్లెలి పాలైంది. పెళ్ళయిన కొత్తలోంచీ మా ఆయన పక్కన వాగు గట్టు పట్టుకుని, అది నదిలో కలిసేచోట మలుపు తిరిగి, మూడో వంతెన దాకా వెళ్ళి వచ్చినదాన్ని నేను. ఇప్పుడు గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాను.

పక్క వీధిలోనే ఉండే మా చెల్లెలు రోజూ వచ్చేది.

"అక్కా, మీ ఆయన్ని కాస్త అరువిస్తావా?"

"తీసుకుపో. అరిగిపోయిన సరుకేగా."

మరదలి సరసం, నవ్వక తప్పదు. లోపల మాత్రం కుతకుత ఉడికేదాన్ని. నాతో నాలుగు ముక్కలు మాట్లాడితే గొప్ప అనుకునే మనిషి, దాంతో నది పొడవునా ఏం మాట్లాడతాడు?

ఒకరోజు ఉండబట్టలేక, వాళ్ళకంటే ముందే బస్సెక్కి మూడో వంతెన దగ్గర బల్ల మీద కూర్చున్నాను. కాసేపటికి వచ్చారు. చెల్లెలు చేతులు తిప్పుతూ చెబుతోంది, ఆయన చిరునవ్వుతో తలాడిస్తున్నాడు. దులిపేద్దామని బల్ల మీంచి లేవబోయాను.

అప్పుడు చూశాను, ఎవరు ఏ పక్కనున్నారో.

మా ఆయన ముప్పై ఏళ్ళు నీళ్ళ పంపుహౌసులో చేశాడు. మోటారు హోరుకి ఎడమ చెవి పోయింది. పరువు తక్కువని నాకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. పైగా పక్కవాళ్ళని నీటివైపు నడవనివ్వడు, ఆ అంచు తనదే. వెళ్ళేటప్పుడు నది కుడివైపు. కాబట్టి మంచి చెవి నదికి, పోయిన చెవి మా చెల్లెలికి. పిచ్చిది, గంటసేపు గోడకి చెప్పుకుంటోంది. నేనైతే వెళ్ళేటప్పుడు నోరు కట్టేసుకుని, మాటలన్నీ తిరుగుదారికి దాచేదాన్ని. అప్పుడు ఆయన కుడిపక్క నాదవుతుంది.

"నువ్వెప్పుడొచ్చావక్కా? పద, ఇద్దరం బస్సెక్కేద్దాం. బావ ఎలాగూ నడిచే వస్తాడు."

"రోజూ నువ్వు బస్సులోనే పోతావా?"

"మరి? నావేమన్నా ఇనుప కాళ్ళా?"

దాన్ని బస్సెక్కించి నేను కిందే ఉండిపోయాను.

"నీ మోకాళ్ళక్కా," అంది కిటికీలోంచి.

"నావే కదా. నువ్వెళ్ళు."

ఆగుతూ ఆగుతూ నడిచాం. కాస్త దూరం పోయాక ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"రోజూ మీ చెల్లెలు ఏం చెబుతుందంటావు? ఒక్క ముక్క వినబడితే ఒట్టు. అడిగితే నొచ్చుకుంటుందని తలాడిస్తున్నా."

"నాకేం తెలుసు? మీరేగా వినేది," అన్నాను.

మర్నాడు చెల్లెలు వచ్చి, "మీరిద్దరూ నడుస్తుంటే ముచ్చటేసిందక్కా. ఇవాళ నేనూ వెనక్కి నడిచే వస్తా," అంది.

"వద్దమ్మా, కాళ్ళు వాస్తాయి. వంతెన దగ్గరికి బస్సులో నేనొస్తాగా. అదే బస్సెక్కి నువ్వు ఇంటికి పో," అన్నాను, ప్రేమగా దాని వీపు నిమురుతూ.