రెండో కొటేషన్

నాలుగో కాజా చుట్టూ దారం తిప్పుతుండగా రాజమల్లు ఎడమ భుజం మళ్లీ లాగింది. మిషను ముందు వంగి కుట్టీ కుట్టీ వచ్చిన నొప్పేలెమ్మని భుజాన్ని రెండుసార్లు ఎగరేసి, సూదిని మళ్లీ గుడ్డలోకి దించాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషి. మెడలో టేపు, ఒక కాడకు నల్లదారం కట్టిన కళ్లజోడు, కత్తెర పట్టీ పట్టీ కాయ కాసిన బొటనవేలు. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద, మంచమంత దుకాణం ఆయనది. పైన ‘మార్కండేయ టైలర్స్ అండ్ జనరల్ సప్లయర్స్’ అని రాసి ఉంటుంది. టైలరింగు సంగతి సందంతా ఎరుగును. జనరల్ సప్లై మాత్రం ఆయన తన జన్మలో ఒక్కసారి కూడా చేసి ఎరగడు.

ఒళ్లో ఉన్నది ఆకుపచ్చ కోటు, వెనక మెరిసే రేడియం పట్టీ. రోడ్లు ఊడ్చే ఆడవాళ్లకు మునిసిపల్ ఆఫీసు ఇచ్చేలాంటిదే.

“అన్నా, జర చూడే. మల్ల చంక కాడ ఇడిసింది.”

రుద్రమ్మ చీపురు గోడకు ఆనించి, ఒంటిమీది కోటు విప్పి గల్లా బల్ల మీద పడేసింది. పదేళ్లుగా ఆ సందు ఊడ్చేది ఆమే. పొట్టి మనిషి. ఆఫీసు కోట్లన్నీ ఎవరో ఆరడుగుల మగాడి కొలతకు కుట్టినట్టుంటాయి. చేతులు మూడు మడతలు పెడితే గానీ వేళ్లు బయటికి రావు. చెయ్యి లేపి నాలుగు రోజులు ఊడిస్తే చంక దగ్గర పర్రున పోతుంది. రుద్రమ్మవీ, ఆమె జట్టువాళ్లవీ ఆ చినుగులు రాజమల్లు ఊరికే కుట్టిపెడుతుంటాడు.

“గా కుట్టెటోనికి చెయ్యి లేపి ఊడుస్తరని తెల్వదా? చంక కింద ఒక్క ముక్క అతికితే ఏం పోతది?” అని గొణుక్కుని, దారం తెంపి, కొత్త కోటు ఆమెకు అందించాడు. “తొడుగు.”

తొడుక్కుంది. చేతులు పైకి లేపింది, ముందుకు వంగింది, ఉత్త చేతులతోనే రెండుసార్లు ఊడ్చి చూసింది.

“నా కొలతకే ఉన్నది గదనే! కొలత ఎప్పుడు తీస్కున్నవ్?”

“పదేండ్ల సంది చూస్తున్న. కొలత దేనికి?”

ఊడ్చేవాళ్లకు ఆఫీసు కొత్త కోట్లు నూటనలభై కొంటోందన్న కబురు తెచ్చింది ఆమే. ఆర్డరు తనకొస్తే అందరికీ ఇలాగే, మూడు సైజుల్లో కుట్టాలని రాజమల్లు ఆశ. భార్య రాజమణి మరో నలుగురు కుట్టేవాళ్లను మాట్లాడిపెట్టింది కూడా.

“వానలకు ముంగటనే ఇయ్యాలె అన్నా. పోయినేడు తడిసి ముగ్గురికి జరాలొచ్చినయ్,” అని కోటు విప్పి ఇచ్చి, రుద్రమ్మ చీపురు అందుకుంది.

ఆ ఆఫీసులో చిన్న కొనుగోళ్లకు ఒక పద్ధతుంది. మూడు దుకాణాల కొటేషన్లు రావాలి, తక్కువ రేటు ఎవరిదైతే వాళ్లకు ఆర్డరు. మూడూ తెచ్చేవాడు మాత్రం ఒక్కడే, ఆఫీసుకు సరుకులు సప్లై చేసే కమలాకర్. అతనిదీ రాజమల్లుదీ ఒకటే ఊరు, సిరిసిల్ల. మగ్గం ఆగిపోయి, పెళ్లాంతో, ఒక పాత మిషనుతో బస్సు దిగిన రాజమల్లుకు ఈ దుకాణం ఇప్పించింది అతనే. పంతొమ్మిదేళ్ల కిందట ఓ కొత్త లెటర్‌ప్యాడు అచ్చేయించి తెచ్చాడు.

“అన్నా, నీ షాపు పేరు మీద ప్యాడు కొట్టిచ్చిన. అన్నిటికి కింద సంతకం పెట్టియ్యి. ఫికర్ చెయ్యకు, నీకేం కాదు.”

రాజమల్లు ఎందుకని అడగలేదు. మేలు చేసినవాణ్ణి అడగడానికి ముఖం చెల్లలేదు. కూర్చున్నపళంగా వంద కాగితాల మీద సంతకం పెట్టాడు. అవి అయిపోతే ఇంకో ప్యాడు వచ్చేది, అదీ అయిపోతే మరొకటి. జెండాలు, కర్టెన్లు, బల్లగుడ్డలు, ఏదైనా సరే, కమలాకర్‌ది తక్కువ రేటు, రాజమల్లుది దానికంటే కొంచెం ఎక్కువ. పరుగెత్తకుండానే పంతొమ్మిదేళ్లుగా రెండోవాడు. దసరాకు మిఠాయి డబ్బా అందేది.

ఈసారి మాత్రం తన రేటు తానే రాశాడు. ప్యాడు, రబ్బరు స్టాంపు కమలాకర్ దగ్గరే ఉండిపోయాయి కనుక తెల్లకాగితం మీద దుకాణం పేరు చేత్తో రాసుకున్నాడు. కవరు అంటించి, కోటు మడిచి సంచిలో పెట్టుకుని, మెట్రో స్తంభాల నీడన పంజాగుట్ట దాకా నడిచాడు.

కొనుగోళ్ల సెక్షను క్లర్కు జీవానందం భీమవరం వైపు మనిషి. పేరు వినగానే కుర్చీ చూపించాడు.

“మీరేనా రాజమల్లు గారు! పదకొండేళ్లుగా మీ సంతకం చూస్తున్నానండీ. మనిషిని చూడ్డం ఇదే మొదలు.”

కోటు తిప్పి చూశాడు. చంక కింద వేలు పెట్టి లాగి చూశాడు. “ఎంత బాగా కుట్టారండీ,” అన్నాడు మనస్ఫూర్తిగా. కవరు అందుకోబోయి ఆగి, బల్ల మీది ఫైలు తెరిచాడు. “మరి ఇదేంటి?”

ఫైల్లో మూడు కొటేషన్లున్నాయి. రెండోది మార్కండేయ టైలర్స్‌ది. కింద నీలం సిరాతో సంతకం.

“మీదేనా?”

“నాదే సార్,” అన్నాడు రాజమల్లు.

జీవానందం గొంతు తగ్గించాడు. “ఒకే షాపువి రెండొస్తే రెండూ చెల్లవండీ. ఇంక ఇక్కడ మిగిలేవి రెండే. ఫైలు వెనక్కి పోతుంది. రేపే కమిటీ మీటింగు. ఇది తప్పితే మళ్లీ రెండు నెలలు.”

“అంటే కోట్లు వానలు పడ్డంక వస్తయా?”

“వానలు సగం అయ్యాక. మీ ఇష్టం. ఇస్తే తీసుకుని నంబరు వేస్తాను. వద్దనడానికి నాకు హక్కు లేదు.”

కవరు ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంది. అందులో రేటు ఫైల్లో కనబడిన కమలాకర్ రేటుకంటే తక్కువ. ఆ అంకె ఈ భూమ్మీద రాజమల్లుకూ, రాజమణికీ తప్ప ఎవరికీ తెలియదు. తడిసి జ్వరాలొచ్చిన ఆ ముగ్గురూ గుర్తొచ్చారు. ఆయన కవరు తీసి జేబులో పెట్టుకున్నాడు.

“ఉండనియ్యుండ్రి సార్. కోట్లు రానియ్యుండ్రి.”

తిరిగి వస్తుంటే కమలాకర్ మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు, రాలేదు. తనను ఓడించింది తన చేతిరాతే. అమీర్‌పేట చౌరస్తాలో అంతమంది మధ్య నిలబడి, చెమట తుడుచుకుంటున్నట్టు కళ్లు తుడుచుకున్నాడు.

డ్యూటీ దిగి వచ్చిన రుద్రమ్మ ఆత్రంగా అడిగింది. “ఆర్డరొచ్చిందా అన్నా?”

“కోట్లొస్తయి. వానలకు ముంగటనే.”

“నువ్వేనా కుట్టేది?”

ఆయన సంచిలోని కోటు తీసి ఆమె చేతిలో పెట్టాడు. “ఇది నీదే. ఉంచుకో.”

“దీనిమీద ఆఫీసు పేరు లేదు. సూపర్‌వైజర్ తొడగనియ్యడు.”

“లోపల తొడుక్కో. పైన వాళ్లది ఏస్కో.” ఇద్దరూ నవ్వారు.

ఆమె వెళ్లాక పొద్దున పడేసిన పాత కోటు ముందుకు లాక్కుని, చంక దగ్గర కుట్టు మొదలుపెట్టాడు. రాజమణి అన్నం గిన్నె తెచ్చేసరికి మిషను మీద తల ఆనించి ఉన్నాడు. ఎండాకాలం అట్లా కునుకు తీయడం అలవాటే. లేపడం ఎందుకులే అని ఆమె గిన్నె పక్కన పెట్టి, పేపరుతో విసురుతూ చాలాసేపు కూచుంది.

కబురు అందగానే ముందొచ్చింది కమలాకరే. పాడె మోశాడు, ఖర్చులన్నీ చూశాడు, “ఒక్కనాడు నా మాట కాదనలేదే అన్న” అని అందరిముందూ భోరుమని ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదు.

మొదటి వానకు రెండు రోజుల ముందు కోట్లు వచ్చాయి. చేతులు మళ్లీ మూడు మడతలే. రుద్రమ్మ మూసి ఉన్న దుకాణం ముందు ఊడ్చేటప్పుడు, పెద్ద కోటు మెడలోంచి లోపలి కోటు అంచు కనిపించేది.

శ్రావణంలో మీటింగు హాలు కర్టెన్లకు కొటేషన్లు వచ్చాయి. జీవానందం రెండో కవరు తెరిచి, తేదీ చూసి, దాని మీద వేలు పెట్టాడు.

“ఆయన పోయారని మీరే చెప్పారు కదండీ.”

“ప్యాడు ఉన్నది గద సార్,” అన్నాడు కమలాకర్ నేల చూస్తూ. “ఇంకొకన్ని ఎతుకుతున్న. గంతవరకు నడ్వనియ్యుండ్రి.”

జీవానందం పెన్ను తీసి ఆ కాగితం మీద రెండో నంబరు వేశాడు. కమలాకర్ తెరిచిన సంచిలో ప్యాడు కనిపిస్తోంది. ఇంకా ఇరవై కాగితాల దాకా ఉంటాయి, పైన అంతా ఖాళీ, కింద నీలం సిరాతో రాజమల్లు సంతకం.