పీతల దారిలో హస్రిన్

తొలి వాన పడిన మూడో రోజు పొద్దున అక్క పక్కింటి స్యూ లాన్ పిన్ని హస్రిన్‌కి ఫోన్ చేసింది.

"మీ అక్కకి గుండెనొప్పిరా. పెర్త్ తీసుకెళ్తున్నారు. పదిన్నరకి విమానం లేస్తుంది. నీ పంతం అటకెక్కించి రా."

హస్రిన్ చొక్కా గుండీలు కారులోనే పెట్టుకున్నాడు. అక్క రొగయాతో రెండేళ్లుగా మాటల్లేవు. తల్లి పోయేనాటికి అతనికి నాలుగేళ్లు, ఆమెకు పదహారు. పెళ్లి మానుకుని మరీ పెంచింది. అలాంటి మనిషిని ఒక విందులో పదిమంది ముందు "నువ్వేమన్నా నన్ను కన్నావా?" అనేశాడు. సరే, నోరు జారింది. మర్నాడే వెళ్లి ఉంటే పోయేది. వెళ్లలేదు. రెండు రంజాన్ పండుగలకీ వాళ్ల మలయ్ పేట కాంపొంగ్ అంతా పెద్దల చేతులు పట్టుకుని తప్పులు మన్నించమని అడిగింది. ఈ మహానుభావుడు మాత్రం అక్క గుమ్మం తప్పించుకుని వెనక సందులోంచి మసీదుకి పోయాడు.

విమానాశ్రయం కొండ మీద. ఏటా తొలి వానకి దీవిలోని ఎర్ర పీతలన్నీ గుడ్లు పెట్టడానికి అడవిలోంచి సముద్రానికి దిగుతాయి. వాటి కోసం పెద్ద రోడ్డు మూసేశారు. గని లారీల దారి పట్టాడు. రెండో మలుపు తిరిగేసరికి అక్కడా నేలంతా ఎర్రగా కదులుతోంది.

కారు ఆపి వెనక సీట్లోంచి పొడుగు చీపురు తీశాడు. ఆ దీవిలో కారన్నాక చీపురు ఉంటుంది. దిగడం, మెల్లగా పక్కకి ఊడ్చడం, పది గజాలు నడపడం, మళ్లీ దిగడం. చిన్నప్పుడు అతని సైకిల్ కింద ఒక పీత నలిగితే అక్క చెవి మెలేసింది. "తల్లి కావడానికి పోతోందిరా అది. కళ్లు కనపడవా?" అంది. అప్పట్నుంచి ఒక్కదాన్నీ తొక్కించి ఎరగడు.

ఆరోసారి దిగేటప్పటికి పదింపావు. తొక్కించుకుంటూ పోతే అయిదు నిమిషాల దారి. ఆ ఆలోచన వచ్చింది గానీ కాలు ఒప్పుకోలేదు.

అడవి దాటేసరికి చిన్న తెల్ల విమానం తల మీదుగా సముద్రం వైపు వెళ్లిపోయింది.

గేటు దగ్గర స్యూ లాన్ పిన్ని అక్క చెప్పులు పట్టుకుని నిలబడి ఉంది.

"నీ కోసం కాసేపు ఆపారురా. నేను నిన్ను తిడుతుంటే మీ అక్కే అడ్డుపడింది. 'బయల్దేరే ఉంటాడే. దారినిండా పీతలు. వాడు తొక్కించడు, నేను పెంచినవాడు' అంది."

హస్రిన్ అక్కడే నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"లేరా. పెర్త్ చేరాక ఫోన్‌లో మాట్లాడుదువుగాని."

ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. మధ్యాహ్నం రెండింటికి ఫోన్ వచ్చింది. విమానం ఇంకా సముద్రం మీద ఉండగానే రొగయా ప్రాణం పోయింది.

కొండ దిగుతుంటే పొద్దున ఊడ్చిన చోటల్లా మళ్లీ పీతలే. హస్రిన్ బ్రేకు మీద కాలు పెట్టి పళ్లు కొరుకుతూ వాటిని చూశాడు. రెండో కాలితో యాక్సిలరేటర్ నొక్కితే ఇంజన్ పెద్దగా రొద పెట్టింది. పక్క సీట్లో పిన్ని అక్క చెప్పులు ఒళ్లోకి లాక్కుంది.

ఇంజన్ ఆపేసి చీపురు తీసుకుని దిగాడు. ఇప్పుడిక తొందరేముంది? వంగి ఒక్కొక్కదాన్నీ పక్కకి జరుపుతూ, రెండు పండుగలు మింగేసిన మాట పైకి అన్నాడు.

"తప్పయిపోయింది అక్కా, మన్నించు."

పీతలు అతని కాళ్లు దాటుకుని సముద్రం వైపు దిగిపోయాయి.