ఆర్పిన మొక్కు

కూతురి కడుపు పండితే కొండకు అగ్గి పెడతానని గంగక్క కోన నరసింహస్వామికి మొక్కుకుంది. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. గంగక్క నోట్లో నువ్వుగింజ నానదు కదా! నల్లమల కింది పల్లెల్లో అది పాత మొక్కే. బిడ్డ పుట్టాక ఏటవాలున ఎండిన బోదగడ్డి ముట్టించి దండం పెట్టుకుంటే చెల్లిపోతుంది. ఆ మంట దానంతటది ఆరాల్సిందే. ఎవరైనా ఆర్పితే స్వామి ఇచ్చిన బిడ్డను వెనక్కి తీసుకుంటాడని నమ్మకం.

మనవడు బోర్లపడుతున్నా గంగక్క ఇంకా కొండెక్కలేదు. ఫారెస్టు గార్డు సుబ్బయ్య అగ్గిపెట్టె కనబడితే చాలు, కేసు రాసే మనిషి.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం, ఒక మధ్యాహ్నం చినుకు లేకుండా ఉరిమింది. పెరట్లో శనక్కాయలు వలుస్తున్న గంగక్క కళ్లెదుటే కొండ నడుమ మద్దిచెట్టు మీద పిడుగు పడింది. కాసేపటికి పొగ లేచింది. ఆమె చేతులు జోడించింది.

"నా చేత కాలేదని నువ్వే చెల్లించుకుంటివా తండ్రీ!"

గుండె మీది బరువు దిగి కుదుటపడిందో లేదో, కూతురు లక్ష్మక్క బిడ్డను చంకనేసుకుని పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, మీ అల్లుడు మందతో పైనుండాడే!"

నిజమే. అల్లుడు తిమ్మన్న మందను ఆ మంటకు పైన, బండల నడుమ దొడ్డిలో ఉంచాడు. ఏటవాలులో మంట పైకే పాకుతుంది. అవి నందికొట్కూరు రైతుల ఆవులు. పొగకు బెదిరి అవి దిగవు, వాటిని వదిలి అతడు దిగడు.

తల్లీకూతుళ్లు చావడి దగ్గరికి ఉరికేసరికి అక్కడ సుబ్బయ్య మనుషుల్ని పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నాడు. ఒక్కడూ కదలడం లేదు.

"మొక్కు మంటప్పా అది, గంగక్కది," అన్నాడు పెద్దమనిషి రంగన్న. "ఆర్పితే పసిబిడ్డ ఉసురు మాకు తగలదా? తిమ్మన్నను ఆ సామే చూసుకుంటాడు."

"పిడుగురా నాయనా!" అని సుబ్బయ్య మొత్తుకున్నాడు. కేసులు రాసేవాడి మాట ఎవరు నమ్ముతారు?

అందరూ గంగక్క వైపు తిరిగారు. ఔనంటే అల్లుడు పోతాడు. కాదంటే, చెల్లిందనుకున్న మొక్కును చెల్లలేదని తన నోటితోనే చెప్పాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ రెండింటిలోనూ ఆమెకు సొంత పిల్లలే కనబడ్డారు. లక్ష్మక్క బిడ్డతో ముందుకొచ్చి తల్లి మొహంలోకి చూస్తూ నిలబడింది.

"నాది కాదు," అంది గంగక్క. మనవడి తలమీద చెయ్యి పెట్టింది. "ఈ బిడ్డ మీద ఒట్టు. నేను కొండెక్కలా. పిడుగు పడింది నా కండ్లారా చూసినా. నా మొక్కు ఇంకా అట్లే ఉండాది. పోండప్పా!"

పోయారు. మంట పక్కనున్న కాలిబాటన ఎక్కి, దొడ్డికి కింద పొదలు నరికారు, ఆకులూ గడ్డీ ఊడ్చి మట్టి తేలేలా గీత తీశారు. ఆ గీత అంచునుంచి కిందికి ఎదురు మంట పెట్టమన్నాడు సుబ్బయ్య. రెండు మంటలూ కలిస్తే తినడానికేమీ మిగలక చస్తాయి. వెనకాలే ఎక్కివచ్చిన గంగక్క ఒకడి చేతిలోని కాగడా లాక్కుంది.

"నేను పెడతా. నా మొక్కూ చెల్లుతాది."

రంగన్న జాలిగా చూశాడు. "ఆర్పేదానికి పెట్టే అగ్గి మొక్కెట్లయితాది గంగక్కా?"

అయినా పెట్టింది. పచ్చికొమ్మలతో అందరికంటే గట్టిగా బాదింది కూడా ఆమే. పొద్దుగుంకే లోపల మంట చచ్చింది. తిమ్మన్న మసిమొహంతో ఆవులను తోలుకుని దిగాడు.

సుబ్బయ్యకు సంతోషం పట్టలేదు. "నువ్వు లేకుంటే కొండ మిగిలేది కాదు గంగక్కా. అయితే ఒకటి. మొక్కు ఉండాదని ఊరందరి ముందరా అంటివి. ఇంక ఈ కొండ యాడ కాలినా ముందు నీ ఇంటికే వస్తా," అని నవ్వుతూనే చెప్పి పోయాడు.

ఇంటి అరుగు మీద చుట్టుపక్కలవాళ్లంతా చేరారు. తిమ్మన్న కొడుకును ఎత్తుకుని ముద్దాడాడు. తండ్రి ఒంటి పొగకు కాబోలు, పిల్లవాడు తుమ్మాడు.

"నూరేళ్లు!" అన్నారు అందరూ.

గంగక్క కూడా అనబోయింది. అగ్గి పెట్టిందీ తనే, ఆర్పిందీ తనే అని గుర్తొచ్చి, కొండ వైపు తిరిగి చేతులు జోడించింది.