మూడో ఏటి మేత మడి

ఒలీటా ఆ మాట అన్నది ఆగస్టులో, వరండాలో కూర్చుని బొబ్బర్లు ఒలుస్తూ.

"ఈ ఏడు కూడా పందులు నీ మడిని పెళ్ళగించాయా, భూమిలో నీ సగం ఆ కలప కంపెనీ వాళ్ళకి అమ్మేద్దాం. టౌన్లో మా అక్క పక్క ఇల్లు ఖాళీగానే ఉంది. మడి నిలబడిందా, చచ్చేదాకా నేను టౌను పేరెత్తను."

ఆమె మొగుడు ఫారిస్ సరేనన్నాడు. ముప్పై నాలుగేళ్ళు రంపపు మిల్లులో పనిచేసి, కుడిచేతి చిటికెన వేలు అక్కడే వదిలేసి వచ్చిన మనిషి. సరేనంటే సరే. తర్వాత మాట మార్చడం, గొణగడం ఆయనకు చేతకాదు. ఒలీటాకు ఆ సంగతి తెలిసే అడిగింది.

ఆ ఎనభై ఎకరాలు ఫారిస్ వాళ్ళ నాన్నవి. పైన్ చెట్లు, కింద వాగు, మధ్యలో మూడెకరాల ఖాళీ నేల. పోయేముందు ముసలాయన ఇద్దరు కొడుకులకూ కలిపి రాసి పోయాడు. తూర్పు టెక్సస్‌లో ఇలా కలిపి రాసిన భూముల వల్ల అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కిన ఇళ్ళు కొల్లలు. ఫారిస్, తమ్ముడు వెల్డన్ మాత్రం ఏనాడూ గట్టు సంగతి ఎత్తలేదు. చర్చిలో పాదిరిగారు అన్నదమ్ముల ప్రేమ గురించి చెప్పిన ప్రతిసారీ ఫారిస్ వైపు చూసేవారు. ఫారిస్‌కు అది కాస్త సిగ్గుగానూ, చాలా గర్వంగానూ ఉండేది.

ఆ మూడెకరాల్లోనే జింకలకు మేత మడి వేసేవాడు ఫారిస్. ఓట్స్, క్లోవరు గడ్డి, చలిని తట్టుకునే బఠానీ. ఏడాదికి ఒక్క జింకను కొడతాడు, ఫ్రీజరు నింపుకోవడానికి. మిగతా సాయంత్రాలన్నీ మంచె మీద ఊరికే కూర్చుంటాడు. పిల్లలు లేని మనిషి. ఆడజింకలు పిల్లల్ని వెంటేసుకుని పచ్చిక మీదికి వస్తుంటే చూస్తూ కూర్చోవడమే ఆయనకున్న పెద్ద సుఖం. దాన్నే రెండేళ్ళుగా అడవిపందులు నోటికాడ లాగేశాయి. మొదటి ఏడు నవంబరులో వచ్చాయి, రెండో ఏడు అక్టోబరులోనే దిగాయి. తెల్లారి చూస్తే మడి మడిలా లేదు. ముట్టెలతో మోకాలి లోతు తవ్వి పోశాయి. జింకలు అటు రావడమే మానేశాయి.

తుపాకీ పట్టమని అందరూ చెప్పారు. తుపాకీ మోగితే జింకలు వారం రోజులు అటు తలెత్తి చూడవు. అందుకని ఫారిస్ విల్లే పట్టాడు. వేలు లేని చేత్తో నారి లాగడం కొత్తగా నేర్చుకున్నాడు. వేసవంతా పెరట్లో గడ్డిమోపుకు బాణాలు వేశాడు. భుజం వాచిపోతే ఒలీటా తిడుతూనే మందు రాసేది.

సెప్టెంబరులో మొదటి వాన పడ్డ మర్నాడు వెల్డన్ ట్రాక్టరేసుకుని వచ్చాడు. మూడేళ్ళుగా దున్నేది అతనే. అన్న కంటే ఆరేళ్ళు చిన్న. నవ్వించకుండా నాలుగు మాటలు మాట్లాడలేడు. వేటకుక్కలు ఏడుంటాయి, పెళ్ళాలు ఇద్దరు వెళ్ళిపోయారు, దేనికీ పెద్దగా దిగులు లేదు.

"అన్నా, ఆ మూల కాస్త ఎక్కువ చల్లు. పందులకి కూడా టిఫిన్ ఉండాలిగా," అన్నాడు.

"నోరు మూసుకుని తోలరా," అన్నాడు ఫారిస్ నవ్వుతూ. తర్వాత ఒలీటా పెట్టిన షరతు చెప్పాడు. ఇంకెవరికీ చెప్పలేదు, తమ్ముడికి చెప్పాడు.

వెల్డన్ ట్రాక్టరు ఆపి, టోపీ తీసి తల గోక్కున్నాడు. "వదిన అలాగే అంటుందిలే. నువ్వెక్కడికి పోతావన్నా. నిన్ను ఇక్కణ్ణుంచి పెకలించాలంటే బుల్డోజరు కావాలి."

ఆ ఏడు మడి కన్నులపండుగగా లేచింది. అక్టోబరు రెండో వారానికి చీలమండ దాకా వచ్చింది. మంగళవారం నాడు రెండు ఆడజింకలు వచ్చి మేసి వెళ్ళాయి. ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే ఒలీటాకు చెప్పాడు ఫారిస్. ఆమె విని, "మంచిదే," అని గిన్నెలు కడుక్కుంది. మనసులో ఓడిపోతున్నందుకు ఉడుక్కుంటోందని అనుకున్నాడాయన.

గురువారం సాయంత్రం, ఇంకా బోలెడు వెలుగుండగానే, వాగు వైపు నుంచి ఒక మగపంది వచ్చింది. ఒక్కటే. మామూలు పంది కాదు, నూనె పీపాయిలా బలిసి ఉంది. ఈశాన్యం మూల ముట్టె దించి తవ్వడం మొదలుపెట్టింది. గాలి ఫారిస్ ముఖానికి కొడుతోంది కాబట్టి దానికి వాసన తగల్లేదు. ఆయన మంచె మీద లేచి నిలబడి, నారి లాగి, భుజం వెనక, బాగా కిందికి చూసి వదిలాడు. పంది కీచుమని అరిచి వచ్చిన దారినే పరుగెత్తింది.

అరగంట ఆగి నెత్తురు జాడ పట్టుకుని వెళ్ళాడు. వాగు ఒడ్డున పడి ఉంది. తవ్విన చోటు చూస్తే దుప్పటి పరిచినంత మేర. మిగతా మడి చెక్కుచెదరలేదు. ఫారిస్‌కు చిన్నపిల్లాడిలా గంతులేయాలనిపించింది. ఇంతలావు జంతువును ఒంటరిగా లాగలేడు, అయినా వేట కొట్టినవాడు దాన్ని లాగడానికి సొంతవాళ్ళలో ఒకణ్ణి పిలవడం అక్కడి మర్యాద. తమ్ముడికి ఫోన్ చేశాడు.

వెల్డన్ వచ్చేలోగా పందిని వెల్లకిలా తిప్పాడు. విత్తులు లేవు. ఎవరో చిన్నప్పుడే తీసేశారు, కోత మానిపోయి చిన్న మచ్చ మిగిలింది. అందుకే అంత కొవ్వు. అప్పుడు చెవులు చూశాడు. కుడి చెవి కొస అడ్డంగా తెగి ఉంది. ఎడమ చెవికి అడుగున ఒక గంటు.

అది వాళ్ళ నాన్న గుర్తు. పందుల్ని అడవిలోకి తోలి మేపుకునే కాలంలో ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు ఉండేది. నాన్న పోయి పదకొండేళ్ళు. ఈ పందికి మూడేళ్ళు కూడా ఉండవు. ఆ గుర్తు వేయడం నాన్న ఇద్దరికే నేర్పాడు, అందులో ఒకడు తాను. ఫారిస్ ఆ చెవిని చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. చూసింది తప్పయితే బాగుండునని మళ్ళీ మళ్ళీ చూశాడు.

వెల్డన్ ట్రక్కు దిగి, నవ్వుకుంటూ వచ్చి, పందిని చూసి ఆగాడు.

"అరెరె, దీన్నా కొట్టావు? క్రిస్మస్‌కి ఉంచానన్నా దీన్ని."

దాచాలన్న ఆలోచన కూడా అతనికి రాలేదు. అది ఫారిస్‌ను మరీ కోసింది.

"ఎప్పట్నుంచి రా?"

"ఏంటి ఎప్పట్నుంచి? నాన్న చేసిందే నేనూ చేస్తున్నా. నది అవతల కుక్కల్తో పట్టడం, కత్తి వేసి విత్తులు తీయడం, గుర్తు పెట్టి ఇక్కడ వదలడం. పచ్చిమేత తిన్న మాంసం ఎంత తియ్యగా ఉంటుందో నీకు తెలీదా?"

"ఎన్ని వదిలావు?"

"ఎవడు లెక్కపెట్టాడు. పదో, పదిహేనో."

"అన్నీ మగవేనా?"

వెల్డన్ కాలి బూటుతో మట్టి గెలికాడు. "నాలుగైదు ఆడవి కూడా. ఆడవి లేకపోతే మగవి నిలవవు కదన్నా, ఎటో పోతాయి."

"నా మడి మీదికి."

"మన మడి. సగం నాదేగా. దున్నింది కూడా నేనేగా. అయినా ఎవరికోసం వేస్తున్నావు? జింకలేమన్నా నీకు చుట్టాలా?"

"ఒలీటా షరతు నీకు చెప్పాను కదరా."

"చెప్పావు. నువ్వు పోతావని ఎవరైనా నమ్ముతారా?" వెల్డన్ వంగి పంది వెనక్కాలు పట్టుకున్నాడు. "సరే, పట్టు. గుర్తున్న పందిని ఎవరు కొట్టినా గుర్తు గలవాడికి సగం ఇవ్వాలి, నాన్న మాట. తొడలు రెండూ నాకు పెట్టెయ్."

మూడు సెప్టెంబర్లు తమ్ముడు ఫారిస్ పక్కన నవ్వుకుంటూ దున్నింది సొంత పందులకే. ఆ రోజుల్లో ఒలీటాతో ఎన్నిసార్లు అన్నాడో, 'వెల్డన్ లేకపోతే ఈ నేల నాకెందుకే' అని. చెంప మీద ఒక్కటి ఇవ్వాలనిపించింది. చెయ్యి లేవలేదు.

"మొత్తం తీసుకో," అన్నాడు.

"నిజంగానా?" వెల్డన్ ముఖం వెలిగిపోయింది. "నువ్వు బంగారం అన్నా."

ఇద్దరూ కలిసి పందిని ట్రక్కులోకి ఎక్కించారు. వెల్డన్ చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఆదివారం సాసేజి పంపిస్తానన్నాడు కూడా.

ఇంట్లో ఒలీటా మొక్కజొన్న రొట్టె పొయ్యిలోంచి తీస్తోంది. ఫారిస్ విల్లు గోడకు తగిలించి, చేతులు కడుక్కుని, బల్ల దగ్గర కూర్చున్నాడు.

"మడి ఎలా ఉంది?" అంది.

"నిలబడింది. ఒక పంది వచ్చి మూల కాస్త తవ్విందంతే, దాన్ని కొట్టేశా." గ్లాసులో నీళ్ళు పోసుకున్నాడు. "అయినా వెళ్దాం. రేపు కంపెనీ అతనికి ఫోన్ చేస్తా."

గెలిచిన మనిషి ఓటమి ఒప్పుకుంటుంటే ఏ పెళ్ళామైనా ఎందుకని అడుగుతుంది. ఒలీటా అడగలేదు. రొట్టె పెనం బల్ల మీద పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చుంది.

"చెవులు చూశావా?" అంది.

ఫారిస్ గ్లాసు పక్కకు జరిపాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి ఏడే. నువ్వు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు వెల్డన్ గేటు దగ్గర పందుల్ని దింపుతున్నాడు. నన్ను చూసి చెయ్యి కూడా ఊపాడు." ఆమె చేతిగుడ్డ మడతపెట్టింది. "నీకు తెలియకముందే నిన్ను ఇక్కణ్ణుంచి తీసుకుపోదామనుకున్నా. ఆ షరతు తప్ప వేరే ఏ వంకా దొరకలేదు నాకు."

"నాకు చెప్పాల్సింది."

"చెబితే ఎవర్ని నమ్మేవాడివి?"

అబద్ధం చెప్పడానికి చాలా వీలున్న ప్రశ్న. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. ఫారిస్ ఆమె ముఖంలోకి చూడలేక బల్ల వైపు చూశాడు.

"వెల్డన్‌నే," అన్నాడు.

"తెలుసు," అంది ఒలీటా, రొట్టె ముక్కలు కోస్తూ.