మోటారు వేసిందెవరు

మిద్దె మీద ఎండబెట్టిన సగ్గుబియ్యం వడియాలు మళ్ళీ తడిసి గంజిలా జారిపోయాయి. ట్యాంకు నిండి పొర్లిన నీళ్ళు పాత చీర కింద మడుగు కట్టాయి. రత్నమణి ఆ చీర కొసను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని మెట్ల మీదనుంచే మొదలుపెట్టింది.

"మోటారేసి మర్సిపోతివి గదా మే. ఈసారి గూడా."

"నేనెయ్యలేదత్తా," అంది ప్రేమజ్యోతి, పొయ్యి మీద చెనక్కాయలు కలియబెడుతూ.

"మరి దెయ్యమేసిందా?"

"మీరే వేసి మరిచిపోయినారేమో చూడండి."

"నేనేస్తే నాకు తెలీదా? నువ్వేసినట్టు నాకు బాగా తెల్సు."

"ఎట్ల తెల్సు?"

"తెల్సులే," అంది అత్త, చెప్పకూడని సంగతేదో మింగినట్టుగా. తడి చీరను తీగ మీద పడేసి గదిలోకి పోయింది.

మామూలుగా అయితే ప్రేమజ్యోతి అక్కడితో వదిలేసేది. వడియాలు పోతే మళ్ళీ పోసుకోవచ్చు. కానీ ఆ "తెల్సులే" అన్న మాట చెవిలో చిక్కుకుంది. అత్త నోరు పెద్దదే గాని అబద్ధాలాడే మనిషి కాదు, అందులోనూ లెంటు ఉపవాస దినాల్లో. సాయంత్రం దాకా నోట్లో మెతుకు వేయకుండా ప్రార్థనలో ఉండే మనిషి, చూడనిది చూసినట్టు ఎందుకంటుంది? తను వేయలేదన్నది తనకు తెలుసు. అంటే ఈ ఇంట్లో ఇంకెవరో వేస్తున్నారు, అత్త దాన్ని తన నెత్తిన రుద్దుతోంది.

ఇదివరకు మోటారు స్విచ్చి వంటింటి గోడకు ఉండేది. వేసినవాళ్ళెవరో కళ్ళారా కనబడేది. ఇప్పుడక్కడ ఒక తెల్ల ప్లాస్టిక్ పెట్టె ఉంది. దాన్ని చేసింది భర్త ఏసుకుమారే. ఇంటి వైఫైలో ఉన్న ఏ ఫోన్లోనైనా ఒక పేజీ తెరిచి "ఆన్" అన్నచోట నొక్కితే మోటారు తిరుగుతుంది. పెట్టె మీద ఒక ఎర్ర దీపం కూడా వెలుగుతుంది, ఆపడానికి దాని పక్కనే ఒక గుండీ ఉంది. అడిగింది ఎవరో మాత్రం పెట్టెకు గుర్తుండదు. అంత జాగా ఆ చిన్న చిప్పులో లేదంటాడు ఏసుకుమార్.

అసలు అతని గొప్పంతా పెట్టె కాదు, పెట్టె లోపలి సర్వరు. ఫోను ఏదో ఒక చిరునామా అడుగుతుంది, ఆ చిరునామాకు కట్టిపెట్టిన చిన్న ఫంక్షను లేచి పని చేసి జవాబిస్తుంది. ఆ ఫంక్షనును హ్యాండ్లరు అంటారు. ఇంకెవరైనా తమ పెట్టెల్లో వాడుకోవడానికి వీలుగా సర్వరును ఒక లైబ్రరీలాగా రాశాడు. చిరునామా ఒకటి, ఫంక్షను పేరు ఒకటి, ఒక్క లైనుతో హ్యాండ్లరు తయారు. ఆ ఒక్క లైను అంటే అతనికి ప్రాణం. మోటారు తిరుగుతోందా అని చూసిపోవడానికి వచ్చిన ఫోనుకైనా, ఆన్ చేయించుకోవడానికి వచ్చిన ఫోనుకైనా అదే లైను.

కర్నూల్లో కంప్యూటర్స్‌తో బీఎస్సీ చదివిన ప్రేమజ్యోతి ఒకరోజు కరివేపాకు దూస్తూ అతని భుజం మీదుగా ఆ లైను చదివింది.

"చూసేవాళ్ళూ చేయించేవాళ్ళూ ఒకటే తలుపులో వస్తారా?" అని అడిగింది.

"నీకు ప్రతిదానికీ రెండు గిన్నెలు కావాల. చేపలకొకటి, పాలకొకటి," అని నవ్వాడతను.

చేపల గిన్నెలో పాలు కాస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆయనకు ఆ పాలు తాగే అవసరం ఎప్పుడూ రాలేదు.

వడియాలు తడిసిన ఆ పొద్దే, ఎండ తగ్గకముందే, బేతంచెర్ల నుంచి వీరభద్ర ఫోన్ చేశాడు. నాపరాళ్ళకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ అతనిది. పెద్ద మిషన్‌కు ఏసుకుమార్ చేసిన పెట్టెనే బిగించారు. గొంతు ఎంత పెద్దగా ఉందంటే స్పీకరు పెట్టకుండానే వంటింట్లోకి వినబడింది.

"ఏమప్పా ఏసుకుమార్, మీ చాంద్‌గాడు చేసిన పని చూడు! మా పనోడు ఉరుకుందు నిన్న పాలిష్ రాళ్ళు మార్చనీకి మిషన్ కింద చెయ్యి పెట్టినాడు. దానంతట అది తిరిగింది. రెండు వేళ్ళు నలిగిపాయ. చెయ్యే పోవాల్సింది, దేవుడు కాపాడినాడు."

"అప్పుడు చాంద్ ఆడ ఉన్నాడా అన్నా?"

"ఉండాడు, బయట టీ కొట్టు కాడ. ఫోను చేతిలోనే ఉండాది. పోయిన వారమే నాతో గొడవ పెట్టుకున్యాడు, మెయిన్ స్విచ్చి లాగకుండా చెయ్యి పెట్టొద్దు, ఎప్పుడో ఎవనికో తగుల్తాదని. తన మాట నిజం చేసుకోనీకి చేసినాడు."

"చూడకుండా అట్ల అంటే ఎట్లన్నా?"

"చూసినా గాబట్టే అంటాండా! నా ఫోన్లోనే కనబడె, 'మిషన్ ఆన్ అయింది' అని. నేను నొక్కలే. మరెవరు నొక్కినట్టు? రేపు సాయంత్రం లోపల వాణ్ని నువ్వు పిల్సకరా. లేకుంటే నేను స్టేషన్‌కు పోతా. వాడు ఇంక బేతంచెర్లలో ఏ గేటూ తొక్కడు."

ఫోను పెట్టేశాక ఏసుకుమార్ వంటింట్లోకి వచ్చి గోడ మీది తెల్ల పెట్టె ముందర నిలబడ్డాడు.

చాంద్ అదే వీధిలో రసూల్ సాహెబ్ కొడుకు. వైరింగు పనివాడు. పెట్టెలన్నీ అతనే బిగిస్తాడు. తోడబుట్టినవాళ్ళు లేని ఏసుకుమార్‌ను అన్నా అని పిలుస్తూ పెరిగాడు. పోలీసు స్టేషన్ పేరొక్కసారి మీద పడితే ఏ ఫ్యాక్టరీ లోపలికి రానిస్తుంది? ఆ పని తప్ప అతనికి వేరే పని లేదు.

"మన మోటారు సంగతి గూడా వాడేనేమో," అన్నాడు ఏసుకుమార్ చివరకు. "మన వైఫై పాస్‌వర్డు వాడికి తెల్సు. వీధిలోనే ఉంటాడు."

"మన వడియాలు తడిపితే చాంద్‌కేం వస్తాది?"

"మనుషుల్ని నమ్మేకాలం కాదు జ్యోతీ."

ఆ మాట ఆమెకు నచ్చలేదు. అయినా లోపల ఒక ముల్లు గుచ్చుకుంది. నిన్న చాంద్ వచ్చినప్పుడు ఫోను చూస్తూ చూస్తూ, ఆమె రాగానే బోర్లా పెట్టేశాడు. అంతకుముందు ట్యాంకు పొర్లిన రోజుల్లో కూడా అతను వచ్చాడా? ఎంత తలచుకున్నా తేలలేదు. ఆ సాయంత్రమంతా ఆమె కళ్ళు అందరి చేతుల మీదే ఉన్నాయి. భర్త ఫోను తీస్తే చూసింది. అత్త ఫోను తీస్తే చూసింది. పరీక్ష కోసం ఈయనే నొక్కి మరిచిపోతున్నాడా అని కూడా అనుకుంది. ఆయన కూడా తన చేతుల వంక చూస్తున్నాడని మధ్యలో ఎప్పుడో కనిపెట్టింది. ఒక ఇంట్లో ముగ్గురు మనుషులు నీళ్ళ మోటారు కోసం ఒకరినొకరు కాపలా కాస్తున్నారు.

మర్నాడు మధ్యాహ్నం చాంద్ తనంతట తానే వచ్చాడు. రంజాన్ ఉపవాసంతో పెదవులు ఎండిపోయి ఉన్నాయి. గడపలోనే నిలబడి, జేబులోంచి ఫోను తీసి పూర్తిగా ఆఫ్ చేసి, భోజనాల బల్ల మీద ప్రేమజ్యోతి ముందర పెట్టాడు.

"మీరే పెట్టుకోండి వదినా. నేను ఇంటికి పోయేదాకా మీ కాడే ఉండనీ."

"ఎందుకప్పా ఇదంతా?"

"మొన్న నేను ఫోను బోర్లేస్తే మీరు చూసినారు. మీరు చూసేది నేనూ చూసినా. వీరభద్రన్న గేటు కాడ నిలబెట్టి అందరి ముందర నన్ను తిడతా ఉంటే ఎవరో వీడియో తీసి పెట్టినారు. అది చూస్తాంటి. మీకు చూపనీకి సిగ్గయింది."

ఏసుకుమార్ అతన్ని కూర్చోమన్నాడు గాని అతని ముఖం వైపు చూడలేదు.

"ఒక్క మాట నిజం చెప్పు చాంద్. పొరపాటునైనా నొక్కినావా?"

"అన్నా, రోజా మీద ఉండా. నేను నొక్కలే."

అప్పుడే గోడ మీద టక్కుమని చప్పుడైంది. పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది. పెరట్లో మోటారు గుర్రుమంటూ లేచింది.

ముగ్గురూ బల్ల మీది ఫోను వైపు చూశారు. అది నల్లగా, చచ్చినట్టు పడి ఉంది. ప్రేమజ్యోతి ఫోను దాని పక్కనే ఉంది. ఏసుకుమార్ ఫోను ఛార్జింగులో ఉంది.

అంతలో లోపలి గదిలోంచి రత్నమణి గట్టిగా అరిచింది. "చూడు, మళ్ళీ మోటారేసె! మే జ్యోతీ, నీకు చెప్పేది గాలికి చెప్పేది ఒకటే!"

ప్రేమజ్యోతి గదిలోకి నడిచింది. అత్త మంచం మీద కూర్చుని కళ్ళద్దాలు సవరించుకుంటోంది. మధ్యాహ్నపు బైబిలు వాక్యం చదివే వేళ అది. చర్చివాళ్ళు రోజూ ఫోన్లో పెడతారు.

"నేనేసినట్టు మీకెట్ల తెల్సిందత్తా?" అంది ప్రేమజ్యోతి. ఈసారి గొంతులో కోపం లేదు.

"ఎట్లనేముంది? ఇదే చెప్తాంది గదా." రత్నమణి ఫోను తిప్పి చూపించింది. తెల్లటి పేజీ మీద ఒకే వాక్యం ఉంది: మోటారు ఆన్ అయింది. "వాక్యం కోసం తెరిస్తే అప్పుడప్పుడూ ముందర ఇదొస్తాది. నువ్వు మోటారేసినావని నాకు చెప్తాందిలే అనుకుని పక్కకు తోసేసి నా వాక్యం నేను చూసుకుంటా."

ప్రేమజ్యోతి మంచం అంచున కూర్చుంది. అత్త చెప్పింది అక్షరాలా నిజం. చూసిందే చెప్పింది. నిన్న వీరభద్ర చెప్పింది కూడా ఇదే. నా ఫోన్లోనే కనబడె అన్నాడు.

"ఇంతకుముందు మీరు మోటారు ఎప్పుడు వేసినారు?"

"పొద్దున ఫోన్లో వేస్తి, తీసేస్తి. ఆపనీకి వంటింట్లో పెట్టె మీది గుండీ నొక్కితి. ఏం, తప్పా?"

ఆమె ఫోను తీసుకుని బల్ల దగ్గరకు వచ్చింది. పెట్టె గుండీ నొక్కి మోటారు ఆపింది. అత్త ఫోన్లో పెద్ద పాటల వీడియో ఒకటి, కెమెరా ఒకటి తెరిచింది. పాత ఫోను, అన్నిటికీ దానిలో చోటు చాలదు. వెనకనున్న బ్రౌజరును అది మూసేసుకుంది. మళ్ళీ బ్రౌజరు తెరిచింది. చివరిసారి నిలిచిపోయిన ఆ "ఆన్" పేజీని ఫోను తిరిగి అడిగి తెచ్చుకుంది. గోడ మీద టక్కుమంది.

"ఫోను చూద్దామనే అడిగింది," అంది ప్రేమజ్యోతి. "మీ హ్యాండ్లరు చేసి పెట్టింది."

ఏసుకుమార్ లాప్‌టాపు తెరిచాడు. తెరిచాడే గాని చూడాల్సిన పని లేదు, అతనికి అర్థమైపోయింది. వచ్చే ప్రతి అభ్యర్థన నెత్తిన ఒక మాట ఉంటుంది, చూడ్డానికా చేయించడానికా అని. తన లైబ్రరీ ఆ మాటను గడపలోనే ఊడబెరికి, ఉత్త చిరునామాను హ్యాండ్లరు చేతిలో పెడుతుంది. ఒక్క లైనులో పని అయిపోవాలని తనే అలా రాశాడు.

"అంటే బేతంచెర్లలో..." అన్నాడు చాంద్.

"వీరభద్రన్నే," అన్నాడు ఏసుకుమార్. "పొద్దున ఫోన్‌తో ఆన్ చేసినాడు, పెట్టె గుండీతో ఆపినాడు. తర్వాత దేనికో బ్రౌజరు తెరిచినాడు. ఉరుకుందు చెయ్యి అప్పుడు లోపలుండాది."

చాంద్ తన ఫోను తీసుకోలేదు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

పొద్దు గూకి మసీదులో పిలుపు వినబడేసరికి బల్ల మీద సంగటి, వంకాయ కూర, చెనక్కాయల ఊరుబిండి పెట్టి ఉన్నాయి. రత్నమణి ప్రార్థన ముగించి ఉపవాసం విడిచింది. ఖర్జూరం పళ్ళెం ముందు చాంద్ వైపు జరిపింది.

"తినప్పా. నీదీ నాదీ ఒకటే పొద్దు ఈ ఏడు."

నలుగురూ సంగటి వడ్డించుకున్నారు. ఏసుకుమారే మొదలుపెట్టాడు.

"ఈ రాత్రి సరిచేసి రేపు అన్ని పెట్టెల్లోనూ కొత్తది ఎక్కిస్తా. వీరభద్రన్నకు ఏదో చిన్న సర్దుబాటు చేసినామని చెప్తా. చాంద్‌ను నేను దగ్గరుండి చూసుకుంటా, ఇంక గొడవ చేయొద్దని అడుగుతా. స్టేషన్ మాట లేకుండా పోతాది."

చాంద్ ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"అడుగుతారా?" అంది ప్రేమజ్యోతి, గరిటె గిన్నెలో పెట్టి. "తప్పు చేసినోణ్ని వదిలిపెట్టమని అడిగినట్టు?"

"అట్ల కాదు జ్యోతీ. లైబ్రరీదే తప్పని బయట పడితే ఎవరు తీసుకుంటారు? చూసే దానికొకటి, చేయించే దానికొకటి అని హ్యాండ్లర్లు విడదీస్తే, ఇంతవరకు దాంతో రాసుకున్నోళ్ళంతా మళ్ళీ రాసుకోవాల."

"రాసుకోనీండి. ఏ తలుపో చెప్పకుండా హ్యాండ్లరు పెడితే మీ లైబ్రరీ ఒప్పుకోనే కూడదు. ఇంకొక ఊళ్ళో ఇంకొక ఉరుకుందు ఉంటాడు." ఆమె చాంద్ పళ్ళెంలో ఊరుబిండి వేసింది. "పెట్టె బాగయితే సరిపోదు. గేటు కాడ చూసినోళ్ళందరికీ చాంద్ చేసినాడనే ఉంటాది, మనం కాపాడినామనే ఉంటాది."

రత్నమణి వేళ్ళు నాకి, కొడుకు వైపు చూసింది. "నా వడియాలకు జ్యోతిని తిడితి రా. చూసినా గదా అని తిడితి. వీరభద్రా అంతే. చూసింది తప్పని చెప్పేవాళ్ళు ఎవరైనా పోయి చెప్పాల గదా."

ఏసుకుమార్ పళ్ళెంలో సంగటి ముద్దను గుంట చేసి, కూర వేసుకోకుండానే వదిలేశాడు. తర్వాత ఎడమ చేత్తో ఫోను అందుకుని నొక్కాడు.

"వీరభద్రన్నా, రేపు పొద్దున చాంద్‌తో కలిసి వస్తాండా. పనోళ్ళందర్నీ ఉండమను, ఉరుకుందును గూడా. అంతదాకా మిషన్‌కు మెయిన్ లాగేసి పెట్టు." అవతలి కేక బల్ల మీదికి వినబడింది. అతను అది తగ్గేదాకా ఆగాడు. "కాదన్నా, వాణ్ని తెచ్చి అప్పజెప్పనీకి కాదు. నీ ఫోను నీ చేత్తోనే తెరిపిస్తా. పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతాది, చూడు. మిషన్‌ను తిప్పిందెవరో చెప్తా, తిప్పేటట్టు రాసింది ఎవరో గూడా చెప్తా. అది రాసింది నేనే. మీ గేటు కాడ, అందరి ముందర చెప్తా."